నినాదం వద్దు, బీగం కుట్టు

నువ్వు అడిగింది ముందు నా మాటల్లో చెప్తాను, చదివే మిగతావాళ్ళకు కూడా సంగతి తెలియాలి కదా. మీది పత్తికొండ వైపు ఒక సుగాలీ తండా. మిరప కోతల కాలం రాగానే తండాలో సగం ఇళ్ళు బీగాలు (మా వైపు తాళాన్ని బీగం అంటాం, కోస్తావాళ్ళు చదువుతుంటే చెప్తున్నా) వేసుకుని గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలి వలసకు, పోతాయి. ముసలివాళ్ళు, బడికి పోయే పిల్లలు మిగులుతారు. కొన్ని ఇళ్ళల్లో పిల్లలు కూడా బడి మానేసి వెంట పోతారు. ఉన్న ఊళ్ళోనే పని చూపించమని కర్నూలులో ధర్నా చేయాలనుకుంటున్నారు. మీ అవ్వ దగ్గర నేర్చుకున్న కుట్టుతో ఈ వలస సంగతి గుడ్డ మీద కుట్టి అక్కడ పట్టుకుందామని నీ ఆలోచన. మీ అన్న నవ్వాడు. "ఫ్లెక్సీ అయితే గంటలో ప్రింట్ చేసిస్తారు, నువ్వు కుట్టేలోపు ధర్నా టెంట్లు కూడా పీకేస్తారు, అయినా కుట్టుపనిలో రాజకీయం ఏముంది" అన్నాడు. కుట్టుపని నిరసన అవుతుందా, ఇంతకుముందు ఎవరైనా చేశారా, చేస్తే ఎట్లా మొదలుపెట్టాలి అని నువ్వు అడుగుతున్నావు.

నాది గుంతకల్లు. మా నాయన దర్జీ. ముప్పై ఏళ్ళకు పైగా సూది పట్టుకునే బతుకుతున్నా, అందులో ఎక్కువ కాలం తండాల ఆడవాళ్ళతోనే. నేను సుగాలీ ఇంట పుట్టలేదు, ఆ కుట్టు వాళ్ళ కాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకున్నదాన్ని. కాబట్టి నీకు తెలిసి నాకు తెలియనివి కొన్ని ఉంటాయి, అది గుర్తుపెట్టుకుని చదువు. నీకు అమ్మ వయసు ఉంటుంది నాకు, అందుకే నువ్వు అంటున్నా.

మీ అన్న మాటలో సగం నిజమే. ధర్నా వచ్చే సోమవారం అయితే ఫ్లెక్సీనే వేయించండి. దూరం నుంచి పెద్ద అక్షరాలు కనబడాలంటే సూది పనికిరాదు. కానీ ధర్నా అయిన మర్నాడు ఆ ఫ్లెక్సీ ఎక్కడికి పోతుంది? ఎవరి కొట్టం మీదికో కప్పుగా, లేదా శెనక్కాయల కుప్ప మీదికి. కుట్టిన గుడ్డను ఎవరూ అట్లా పారేయరు. పెట్టెలో దాస్తారు, పెళ్ళికి తీస్తారు, మనవరాలికి ఇస్తారు. వందేళ్ళ తర్వాత కూడా ఎవరో ఒకరు దాన్ని విప్పి "ఇదేంది?" అని అడుగుతారు. నువ్వు చేయాలనుకునేది ఆ రెండో పని. దానికి తొందర లేదు.

ఇక నా సొంత అనుభవం ఒకటి చెప్తా, నీ ప్రశ్నకు అసలు జవాబు అందులోనే ఉంది.

చాలా ఏళ్ళ కిందట, వరసగా కరువులు వచ్చిన కాలంలో, గుత్తి వైపు ఒక తండాలో ఏడెనిమిది మందిమి కూర్చుని ఒక పెద్ద గుడ్డ కుట్టాం. ఆ తండాలో అందరి బాధా ఒకటే, బోర్లు. అప్పు చేసి బోరు వేయడం, నీళ్ళు పడకపోవడం, ఇంకో అప్పు, ఇంకో బోరు. దీన్ని గుడ్డ మీద ఎట్లా చూపించాలి అని నేను బుర్ర బద్దలు కొట్టుకుంటుంటే ఒక పెద్దామె చటుక్కున అనింది: "అద్దం పెడితే నీళ్ళు, పెట్టకపోతే ఎండిన బోరు." అంతే. నేల రంగు గుడ్డ మీద ఇరవై మూడు వలయాలు కుట్టాం. రెండింటిలోనే అద్దాలు. మిగతా ఇరవై ఒకటి ఖాళీ.

ఇది చెప్పినంత సులభం కాదు, చేతిపని తెలిసినదానివి కాబట్టి నీకు అర్థమవుతుంది. అద్దం ఉంటే దాని మీద అడ్డంగా నిలువుగా దారం కట్టి, ఆ దారాన్ని పట్టుకుని చుట్టూ అల్లుకుంటూ పోతాం, అద్దమే వలయాన్ని నిలబెడుతుంది. అద్దం లేకపోతే వలయం లోపలికి కుంగిపోతుంది. ముందు గుండ్రంగా గీత గీసి, దాని మీద గొలుసు కుట్టు వేసి, ఆ గొలుసుకు కాజా కుట్టు పట్టించాల్సి వచ్చింది. నీళ్ళు లేని బోరుకే ఎక్కువ ఖర్చు అయినట్టు, ఖాళీ వలయానికే మాకు ఎక్కువ పని పట్టింది.

ఆ గుడ్డను తండాలో పరిచినప్పుడు ఎవరికీ వివరించాల్సిన పని పడలేదు. మేకలు తోలుకుని పోతున్న ఒకాయన ఆగి చూసి, వేలుపెట్టి లెక్కపెట్టి, "నావి ఇందులో నాలుగున్నాయి" అన్నాడు. తర్వాత దాన్ని పెద్ద ఊళ్ళో ఒక షాపుకు పంపాం. వారం తిరక్కముందే వెనక్కి వచ్చింది, ఒక చీటీతో: "ఇరవై ఒక్క అద్దాలు రాలిపోయాయి, సరిచేసి పంపగలరు."

మొదట నాకు కోపం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. చాలా రోజులు ఆలోచించాక ఒక సంగతి అర్థమైంది. కుట్టులో రాజకీయం ఉందా లేదా అనేది చదివేవాళ్ళను బట్టి ఉంటుంది. మేకల ఆయన చదివాడు, షాపువాళ్ళు చదవలేదు. వాళ్ళ కోసమని కింద "ఇవి ఎండిన బోర్లు" అని రాసి ఉంటే షాపువాళ్ళకు తెలిసేదేమో కానీ, మేకల ఆయన ఆగి లెక్కపెట్టేవాడు కాదు.

ప్రపంచంలో ఈ పని చేసినవాళ్ళు చాలామంది ఉన్నారు. పాలస్తీనా ఆడవాళ్ళ సంగతి చూడు. వాళ్ళ పొడుగు గౌన్ల మీద క్రాస్ స్టిచ్‌తో కుట్టే పనిని తత్రీజ్ అంటారు. 1948కి ముందు ఒక ఆడమనిషి గౌను చూసి ఆమెది ఏ ఊరో చెప్పగలిగేవారు, ఊరికో నమూనా. 1948లో లక్షల మంది ఊళ్ళు వదిలి పారిపోవాల్సి వచ్చింది. ఊరు పోయింది, ఊరి నమూనా మాత్రం గౌను మీద మిగిలింది. 1967 యుద్ధం తర్వాత ఇజ్రాయెల్ ఆక్రమించిన చోట్ల పాలస్తీనా జెండా ఎగరేయడం నేరమైంది. 1987లో తిరుగుబాటు మొదలయ్యాక ఆడవాళ్ళు జెండా రంగులు నాలుగూ, ఎరుపు, ఆకుపచ్చ, నలుపు, తెలుపు, గౌన్ల మీదే కుట్టడం మొదలుపెట్టారు. తమ దేశం పటం, జెరూసలెంలోని గోపురం కూడా కుట్టుకున్నారు. కర్రకు కట్టిన జెండాను సైనికుడు లాక్కోగలడు. ఒంటి మీది గౌనును నడిబజారులో ఎట్లా లాక్కుంటాడు? అదీ కిటుకు. 2021లో యునెస్కో ఆ కుట్టును మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

గమనించావా, వాళ్ళు కొత్త కుట్టు ఏదీ కనిపెట్టలేదు. అమ్మమ్మల కాలం నుంచి వస్తున్న క్రాస్ స్టిచ్చే, అదే గౌను, అదే రొమ్ము మీది చదరం. లోపల పెట్టిన విషయం మారింది. మొత్తం పాతదే అయితే నిరసన కాదు, మొత్తం కొత్తదైతే మీ అవ్వ చదవలేదు.

చిలీ వాళ్ళది మనకు ఇంకా దగ్గర. ఎందుకంటే వాళ్ళు కుట్టింది గోనెపట్ట మీద. ఆ పనిని అర్పియేరా అంటారు, స్పానిష్‌లో ఆ మాటకు గోనెపట్ట అనే అర్థం. మనకు శెనక్కాయల గోతాలు ఎట్లాగో వాళ్ళకు అట్లా, ఇంట్లో ఊరికే పడి ఉండే గుడ్డ. 1973 సెప్టెంబరు 11న సైన్యం ప్రభుత్వాన్ని కూల్చింది, సైన్యాధిపతి పినోచెట్ అధికారంలోకి వచ్చాడు. ఆ పాలనలో చంపినవాళ్ళు, మాయం చేసినవాళ్ళు కలిపి మూడు వేలకు పైగా. మాయమైనవాళ్ళ భార్యలు, తల్లులు శాంటియాగోలో చర్చి ఆసరాతో కూర్చుని గోనెపట్ట మీద గుడ్డ ముక్కలు అతికి బొమ్మలు చేశారు. పైన ఆండీస్ కొండలు, నవ్వుతున్న సూర్యుడు, కింద రంగురంగుల ఇళ్ళు. దూరం నుంచి చూస్తే పిల్లల బొమ్మలపుస్తకం. దగ్గరికి పోతే పోలీసు బండి, మూతపడిన ఫ్యాక్టరీ గేటు, ఫోటో పట్టుకుని నిలబడిన ఆడది, "ఎక్కడున్నారు?" అన్న మాట. కొందరు మాయమైన మనిషి చొక్కానే కత్తిరించి అతికారు. వాటిని దేశం దాటించి బయట అమ్మారు, ఆ డబ్బుతో పిల్లలకు అన్నం పెట్టారు. పత్రికలు నోరెత్తలేని రోజుల్లో దేశంలో జరిగేది బయటికి చెప్పిన వాటిలో ఈ గోనెపట్ట ముక్కలూ ఉన్నాయి.

వాళ్ళలో చాలామందికి ముందు కుట్టుపని అలవాటే లేదు. అందుకే కుట్లు వంకరటింకర. మన దగ్గర అయితే టీచరమ్మ విప్పి మళ్ళీ కుట్టమనేది. నేనూ అనేదాన్నేమో. ఇప్పుడు అనను.

మన దేశంలో బీహార్‌లో ముజఫర్‌పూర్ జిల్లా భూసురా ఆడవాళ్ళు పాత చీరలు, పంచెలు పొరలుగా పేర్చి కుట్టే సుజనీలో వరకట్నం, తాగుడు, కడుపులో ఆడపిల్లను తీయించడం, ఇవన్నీ బొమ్మలుగా వేస్తారు. అది మన బొంతకు అక్కచెల్లెలే. రాయలసీమలో ప్రతి ఇంట్లో బొంత ఉంది, దాని మీద టాకాలే తప్ప కథ కుట్టిన ఇల్లు నేను చూడలేదు. ఎవరైనా చూసి ఉంటే చెప్పండి.

ఇక మీ సుగాలీల సంగతి. మీ కుట్టుకు రాజకీయం బయట నుంచి తెచ్చి అతకాల్సిన పనిలేదు. మీ ముత్తాతల ముత్తాతలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి ఊరూరా అమ్మినవాళ్ళు. ఆ ఎద్దులకు కూడా గవ్వలు కుట్టిన గుడ్డలు కప్పేవాళ్ళు. 1871 నాటికి మద్రాసు నుంచి రాయచూరు దాకా రైలు పట్టాలు పడ్డాయి. మా గుంతకల్లును ఊరు చేసిన రైలే మీ ఎద్దుల బేరాన్ని తీసేసింది, ఈ మాట రైల్వే క్వార్టర్స్ పక్కన పెరిగినదాన్ని చెప్తున్నా. అదే 1871లో బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. 1911లో దాన్ని మార్చి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తించేట్టు చేశారు. పుట్టుకతోనే మనిషి దొంగ అని రాసుకున్న చట్టం అది. దేశమంతటా పూర్తిగా పోయింది 1952లోనే.

అలాంటి కాలంలో అద్దాల కాంచళి (రవిక), గవ్వల ఫేట్యా (పావడా) వేసుకుని సంతకు రావడమంటే ఏమిటో ఆలోచించు. దాక్కోవాల్సిన మనిషి మైలు దూరం నుంచి మెరిసేట్టు వచ్చింది. ఆమె దాన్ని నిరసన అనుకుందో లేదో ఎవరు చెప్పగలరు? ఆమెకు అది కట్టుకునే బట్ట. నాకు మాత్రం అందులో తల వంచని తనం కనబడుతుంది. తర్వాతి తరం బస్సుల్లో, బడుల్లో వేరుగా చూస్తున్నారని ఆ బట్ట వదిలి చీరకు మారింది. మీ అమ్మ ఎప్పుడు మానేసిందో ఎప్పుడైనా అడిగావా? అది కూడా గుడ్డ మీదికి రావాల్సిన కథే.

ఇంకో సంగతి. 2023 జులైలో జీ20 సమావేశాల కోసం హంపిలో సండూరు లంబాణీ (కర్ణాటకలో సుగాలీలను అట్లా అంటారు) కుట్టుపనులు 1,755 ఒకేచోట పెట్టి గిన్నిస్ రికార్డు తీసుకున్నారు. 450 మందికి పైగా ఆడవాళ్ళ చేతిపని అది. సండూరు మనకు ఎంత దూరం, బళ్ళారి దాటితే వచ్చేస్తుంది. నాకు సంతోషమే, పని దొరికింది, పేరు వచ్చింది. కానీ ఆ 450 మందిలో ఒక్కరి పేరు నీకు తెలుసా? నాకూ తెలియదు. మెచ్చుకునేటప్పుడు కుట్టు కనబడుతుంది, కుట్టిన మనిషి కనబడదు. ఆ అవ్వలే ఆ అద్దాలతోనే ఒక ఫిర్యాదు కుట్టి తెచ్చి ఉంటే ఆ హాల్లో ఎక్కడ పెట్టేవాళ్ళు అని నాకు ఇప్పటికీ సందేహం.

పేర్ల మాట వచ్చింది కాబట్టి, నువ్వు అడగకపోయినా ఇది చెప్పాలి. గుడ్డ మీద పేర్లు కుట్టాలా వద్దా?

ఇంగ్లండులో ఓటుహక్కు కోసం పోరాడిన ఆడవాళ్ళు 1912 మార్చిలో అంగళ్ళ కిటికీల అద్దాలు పగలగొట్టి జైలుకు పోయారు. హాలోవే జైలుకు వెళ్ళినవాళ్ళు ఒక చేతిరుమాలు మీద తమ సంతకాలు దారంతో కుట్టారు. 66 పేర్లు, ఇప్పటికీ భద్రంగా ఉంది. కాపలావాళ్ళ కళ్ళముందు కుట్టుపని ఎవరికి అనుమానం? వాళ్ళకు పేరు బయటపడడమే కావాలి, మేము జైలుకు వచ్చాం అని చెప్పుకోవడమే పోరాటం. చిలీ వాళ్ళు దానికి పూర్తిగా ఎదురు. సంతకం పెట్టేవాళ్ళు కాదు. పేరు దొరికితే ఇంటికి పోలీసులు వస్తారు.

మీ తండాకు ఏది సరిపోతుంది? ఇక్కడ నేను తేల్చి చెప్పలేను. సుగ్గికి పోయే చాలా ఇళ్ళు కూలీలను తీసుకుపోయే మేస్త్రీ దగ్గర ముందే అడ్వాన్సు తీసుకుని ఉంటాయి. వచ్చే ఏడు కూడా ఆయనే పిలవాలి. అట్లాంటి ఇంటావిడ పేరు కలెక్టరాఫీసు ముందు వేలాడితే నష్టం ఆమెకే, నీకు కాదు. నువ్వు చదువుకున్నదానివి, నీకు ఇంకో దారి ఉంటుంది. కాబట్టి అందరి తరఫున నువ్వు నిర్ణయం తీసుకోవద్దు. ఎవరి ముక్క మీద వాళ్ళు, కావాలంటే పేరు, వద్దంటే ఒక గుర్తు. గుర్తు అంటే ఆమె చేతికి అలవాటైన కుట్టే చాలు, మీ తండాలో ఎవరి చేయి ఏదో మీ అవ్వ చూడగానే చెప్తుంది.

ఇప్పుడు పని సంగతి.

ఇంటికో ముక్క పెట్టు, జానెడు చదరం. ప్రతి ముక్కలో ఒక బీగం. "వలసలు ఆపండి" లాంటి నినాదం వద్దు. అది అందరూ రాసేదే, చదివి తల తిప్పుకుంటారు. మీ కుట్టులో చదరాలు, ముక్కోణాలు చక్కగా వస్తాయి, బీగం కప్పను చదరంగా వేసి పైన కొక్కెం గొలుసు కుట్టులో తిప్పు. తాళంచెవి పెట్టే కన్ను ఉంటుంది చూడు, అక్కడ అద్దం పెట్టు. దగ్గరికి వంగి చూసిన పెద్దమనిషికి బీగం లోపల తన ముఖమే కనబడుతుంది. ఇళ్ళు ఎన్ని మూతపడితే అన్ని బీగాలు, ఒకటి ఎక్కువ వద్దు, తక్కువ వద్దు. ఎవరైనా లెక్కపెడితే మీ లెక్క నిలబడాలి. తెరిచి ఉన్న ఇళ్ళకు బీగం లేని తలుపు కుట్టండి.

ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న మొదలుపెట్టింది మా అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. సంవత్సరానికి వంద రోజుల పని అని అప్పటి చట్టంలో రాశారు. మీ తండాలో ఒక్కో కార్డుకు ఎన్ని రోజులు వచ్చాయో అందరి దగ్గరా అడిగి, ఆ సంఖ్యను ముక్క అంచు చుట్టూ టాకాలుగా వేయొచ్చు. చట్టం ఇస్తానన్న రోజులు ఎన్నో అన్ని టాకాలకు గుర్తులు గీసి, పని దొరికిన రోజులకే దారం వేయి, మిగతావి గీతలుగానే వదిలేయి. ఇది నేను చేసి చూడలేదు, రాస్తుంటే వచ్చిన ఆలోచన. బాగుంటే చేయి.

గుడ్డ మందపాటి నూలుది తీసుకో, పలచనిదైతే అద్దం బరువుకు సాగుతుంది. గోనెపట్ట మీద నేరుగా సుగాలీ కుట్టు నిలవదు, నేత మరీ వదులు. గోనెపట్టను వెనక అస్తరుగా వేసి ముక్కలన్నీ దాని మీద బొంతలాగా కలిపితే బలంగా ఉంటుంది, చిలీ వాళ్ళను తలుచుకున్నట్టూ ఉంటుంది. ఎర్ర దారం, నీలం దారం కొనగానే తడిపి తెల్లగుడ్డ మీద ఒత్తి చూడు. రంగు పోయే దారమైతే ఒక్క వానకు మొత్తం పాడవుతుంది, నాకు అయింది. దారం ఆరు పోగులూ ఒకేసారి ఎక్కించొద్దు, మూడు చాలు, అద్దం చుట్టూ మాత్రం నాలుగు. గాజు అద్దాలే తీసుకో, ప్లాస్టిక్‌వి ఏడాదికి మసకబారతాయి. అక్షరాలు తప్పదనుకుంటే తండా పేరు, సంవత్సరం, అంతే.

కోతల్లో ఉన్నవాళ్ళను అక్కడ కుట్టమని అడగొద్దు. రోజంతా మిరపకాయలు కోసిన వేళ్ళు మండుతుంటాయి, సూది పట్టుకునే ఓపిక ఉండదు. ఉగాది తర్వాత తిరిగి వస్తారు కదా, అప్పుడు మధ్యాహ్నం ఎండపొద్దు నీడన కూర్చుని కుట్టండి. ధర్నా ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు ఉంటుంది, మన వైపు ధర్నాలకు కొరత లేదు. అట్లా కూర్చున్నప్పుడు జరిగే మాటలు కూడా పనిలో భాగమే. ఆ బోర్ల గుడ్డ కుట్టిన నెలలోనే ఆ తండా ఆడవాళ్ళు ఎవరెవరికి ఎంత అప్పు ఉందో మొదటిసారి ఒకరికొకరు చెప్పుకున్నారు. మగవాళ్ళు వాళ్ళకు చెప్పని లెక్కలు కూడా బయటపడ్డాయి, ఇళ్ళల్లో గొడవలూ అయ్యాయి. దానికి సిద్ధంగా ఉండు.

అమ్మమని ఎవరైనా వస్తే, మొత్తం గుడ్డ అమ్మొద్దు. చిన్న ముక్కలు విడిగా కుట్టి అమ్ముకోండి, ఆ డబ్బు కుట్టినవాళ్ళకే పంచండి. పెద్దది తండాలోనే ఉండాలి. చిలీలో పినోచెట్ దిగిపోయిన తర్వాత ఆ బొమ్మలు టూరిస్టులకు అమ్మే సామానుగా కూడా మారాయి, పోలీసు బండి పోయి కూరగాయల సంత వచ్చింది. వాళ్ళను తప్పు పట్టను, కడుపు నిండాలి కదా. కానీ మీ బీగాలు ఎవరి సోఫా దిండ్ల మీదికో పోకూడదు.

ఇంకొకటి మర్చిపోయాను. చిలీ వాళ్ళు కొన్ని గోనెపట్టల వెనక చిన్న జేబు కుట్టి అందులో కాగితం ముక్క పెట్టేవాళ్ళు, ముందున్న బొమ్మలో జరిగింది ఏమిటో రాసి. అప్పట్లో మాకు చీటీ రాసిన షాపు కోసం మేమూ ఆ పని చేసి ఉండాల్సింది అనుకుంటా ఒక్కోసారి. నువ్వు చేయి. మీ అవ్వ చెప్తుంటే నువ్వు రాయి, మీ సుగాలీ భాష గోర్ బోలీలో చెప్పినా తెలుగు లిపిలోనే రాయి, జేబుకు ఒక గుండీ పెట్టు. మొదటి బీగం పూర్తయ్యాక ఫోటో పెట్టు, ముందువైపుదే కాదు, వెనకవైపుది కూడా. ముళ్ళు ఎట్లా వేశావో చూడాలి.